అక్వేరియంలో మొండి నల్లపాచి వదిలించుకోవడం ఎలా?

మొదట ఆకు అంచున చిన్న నల్ల చుక్కలా కనిపిస్తుంది. మట్టి అనుకుని వదిలేస్తాం. రెండు మూడు వారాలు తిరిగేసరికి అది అర సెంటీమీటరు వెంట్రుకల కుచ్చవుతుంది. నీళ్ల కదలికకి గడ్డంలా ఊగుతుంటుంది. వేలితో పట్టి లాగితే ఆకు చిరుగుతుంది గానీ కుచ్చు ఊడదు. దుంగ మీద, ఫిల్టర్ మూతి మీద, హీటర్ వైరు మీద, చివరికి గులకరాళ్ల మీద కూడా పాకుతుంది. దీన్నే బ్లాక్ బియర్డ్ ఆల్గే అంటారు. మనం నల్లపాచి అనుకుందాం.

విజయవాడలో మా ఫ్లాటు హాల్లో రెండడుగుల తొట్టి ఉంది. అందులో ఈ పాచి పట్టినప్పుడు నేను చేసిన మొదటి పని అన్నింటికంటే పిచ్చి పని. తొట్టి మొత్తం విప్పేశాను. రాళ్లు పొయ్యి మీద పెట్టి ఉడకబెట్టాను, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లబడేదాకా పిండాను, అన్నీ కొత్త నీళ్లు పోశాను. నాలుగో రోజుకి నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. రెండు చేపలు పోయాయి. నెలన్నర తర్వాత అదే ఆనుబియాస్ మొక్క మీద అదే నల్లటి కుచ్చు మళ్లీ వచ్చింది. చేపల వ్యర్థాలను విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా రాళ్లలో, స్పాంజిలో ఉంటుంది. దాన్ని నా చేతులతో నేనే చంపుకున్నాను. పాచిని రప్పించిన లైటు, మేత మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

అందుకని తొట్టి ఖాళీ చేయకండి. కింద చెప్పినవి ఇదే వరసలో చేసుకుంటూ వెళ్లండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

ముందు అది ఏ పాచో తేల్చుకోండి

అన్ని పాచులకూ ఒకటే మందు పనిచేయదు. కొత్తగా పెట్టిన తొట్టిలో మొదటి నెలలో గోధుమరంగు పొడిలా పట్టేది డయాటమ్. వేలితో రాస్తే పోతుంది, తొట్టి కుదురుకున్నాక దానంతటదే తగ్గిపోతుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. గాజు మీద గట్టిగా అతుక్కున్న పచ్చటి చుక్కలైతే పాత బ్లేడుతో గోకండి. అది గాజు తొట్టికి మాత్రమే. అక్రిలిక్ తొట్టి అయితే బ్లేడు గీతలు పడతాయి, పాత ఏటీఎం కార్డు వాడండి. పొడుగ్గా పట్టుదారాల్లా వచ్చే ఆకుపచ్చ పాచిని టూత్‌బ్రష్‌కి సేమ్యాలా చుట్టి లాగేస్తే చాలావరకు వచ్చేస్తుంది.

నీలం కలిసిన పచ్చ రంగులో, జిగటగా, దుప్పటి పరిచినట్టు రాళ్లను కప్పేసి, లాగితే పొరలు పొరలుగా లేచొచ్చి ముక్కు మూసుకునేంత కంపు కొడితే అది అసలు పాచే కాదు, సయనోబ్యాక్టీరియా. దాన్ని పైపుతో లాగేసి, తొట్టికి మూడు రోజులు మందపాటి నల్లగుడ్డ కప్పండి. వెలుతురు చుక్క కూడా లోపలికి పోకూడదు. ఎయిర్ పంపు మాత్రం ఆపకూడదు. ఆ మూడు రోజులూ మేత వేయొద్దు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఏమీ కాదు. గుడ్డ తీసిన రోజు సగం నీళ్లు మార్చండి. నీళ్లే పచ్చగా బఠాణీ సూపులా మారినా ఇదే పద్ధతి పనిచేస్తుంది.

నల్లపాచి అవునో కాదో చూడటానికి ఒక చిన్న పరీక్ష ఉంది. చిన్న కుచ్చు కత్తిరించి, గిన్నెలో కొంచెం సర్జికల్ స్పిరిట్ పోసి అందులో వేయండి. కాసేపటికి నలుపు పోయి ఎర్రబడితే అదే. చూడటానికి నల్లగా ఉన్నా ఇది ఎర్ర శైవలాల, అంటే రెడ్ ఆల్గే జాతిది. స్పిరిట్‌లో పత్రహరితం కరిగిపోయి, లోపల దాగిన ఎరుపు బయటపడుతుంది. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి ఇది భలే పనికొచ్చింది.

లైటు గంటలు తగ్గించండి

చాలా ఇళ్లలో అక్వేరియం లైటు పొద్దున లేవగానే వేసి, రాత్రి టీవీ కట్టేశాక ఆపుతారు. లెక్క వేస్తే పద్నాలుగు గంటలు. చేపలకు అంత వెలుతురు అవసరం లేదు, మొక్కలకూ అక్కర్లేదు. పాచికి మాత్రం పండగే. రోజుకి ఆరు గంటలు పెట్టండి, అవి కూడా ఒకే సమయానికి. సాయంత్రం నాలుగు నుంచి పది అనుకోండి, ఇంట్లో అందరూ చూసేది అప్పుడే. మనం గుర్తు పెట్టుకుని ఆపడం జరిగే పని కాదు కాబట్టి ఎలక్ట్రికల్ షాపులో దొరికే టైమర్ ప్లగ్గు ఒకటి కొని దానికి అప్పజెప్పండి. కరెంటు పోతే మెకానికల్ టైమర్ గడియారం ఆగిపోతుంది, తర్వాత దాన్ని సరిచేయడం మర్చిపోకండి. మా ఇంట్లో ఒకసారి అలా మర్చిపోతే వారం రోజులు లైటు అర్ధరాత్రి దాకా వెలిగింది.

లైటు తర్వాత కిటికీ వైపు చూడండి. తొట్టి పెట్టింది మే నెలలో అయితే ఎండ తొట్టి మీద పడటం లేదనే అనుకుంటారు. దక్షిణం వైపు కిటికీ ఉన్న గదిలో డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి ఎండ గది మధ్య దాకా వచ్చేస్తుంది. మా తొట్టి మీద సంక్రాంతి రోజుల్లో పొద్దున రెండు గంటలు నేరుగా ఎండ పడుతోందని నేను రెండో ఏడాదికి గాని గమనించలేదు. ఆ వైపు గాజుకి బయట నుంచి నల్ల చార్టు అతికించాను. పది రూపాయల పని.

మేత ఎవరు వేస్తున్నారో కనిపెట్టండి

నల్లపాచికి బాగా నచ్చేది కుళ్లిన వ్యర్థం పేరుకున్న తొట్టి. ఆ వ్యర్థంలో ఎక్కువ భాగం మనం వేసిన మేతే. నేను రోజుకి ఒక్కసారే చిటికెడు వేసేవాణ్ణి, అయినా రాళ్ల మధ్య తెల్లటి బూజు కనిపించేది. ఒక ఆదివారం హాల్లో పేపరు చదువుతూ కూర్చుంటే సంగతి తెలిసింది. మా మామయ్యగారు కాఫీ గ్లాసుతో తొట్టి దగ్గరికొచ్చారు. చేపలన్నీ గాజు దగ్గరికి ఉరికాయి. "పాపం, ఆకలేస్తున్నట్టుంది రా అబ్బాయ్" అని డబ్బా మూత తీసి వేళ్లతో రాల్చారు. మధ్యాహ్నం భోజనం చేసి చేయి కడుక్కుని వెళ్తూ మళ్లీ రాల్చారు. సాయంత్రం మా అమ్మాయి. రాత్రి నేను.

చేపలు మనిషిని చూడగానే ఉరుకుతాయి. అది అలవాటే గానీ ఆకలి కాదు. పెద్దాయనకి వద్దని ఎలా చెప్తాం? నేను వారానికి సరిపడా మేతను ఏడు చిన్న మాత్రల డబ్బాల్లో వేసి, పెద్ద డబ్బా బీరువాలో పెట్టేశాను. "మామయ్యగారూ, పొద్దున మేత డ్యూటీ మీదే" అని ఆయనకే అప్పజెప్పాను. ఇప్పుడు ఇంకెవరినీ దగ్గరికి రానివ్వరు.

కొలత కావాలంటే, రెండు నిమిషాల్లో నీటి మీద ఒక్క గింజ కూడా మిగలకుండా తినేసేంత వేయండి. వారంలో ఒకరోజు అసలు వేయకండి.

కత్తిరించి, తోడి, నీళ్లు మార్చండి

ఇప్పుడు చేతులు తడుపుకునే సమయం. ఆకులో సగం కంటే ఎక్కువ పాచి పట్టినదాన్ని కాడ దగ్గర కత్తిరించేయండి. జాలిపడకండి, ఆ ఆకు ఎటూ కోలుకోదు. దుంగలు, ప్లాస్టిక్ బొమ్మలు, పైపులు బయటికి తీసి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. సబ్బు, సర్ఫు, గిన్నెల లిక్విడ్ ఏదీ తగలకూడదు. తొట్టి లోపల తోమితే ముక్కలు నీళ్లలో చెల్లాచెదురవుతాయి, అందుకే బయట తోమమంటున్నాను.

తర్వాత సైఫన్ పైపు మూతిని రాళ్లలోకి గుచ్చి అడుగున పేరుకున్న మురికి లాగండి. మొదటిసారి వచ్చే నీళ్లు టీ డికాషన్‌లా ఉంటే ఆశ్చర్యపోకండి. మూడోవంతు నీళ్లు తీసి ఆపేయండి. ఫిల్టర్ స్పాంజిని ఈ తీసిన నీళ్ల బకెట్లోనే రెండుమూడుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. కుళాయి నీళ్లలో పిండితే ఏమవుతుందో పైన నా కథ చదివారు.

పోసే నీళ్ల గురించి కొంచెం జాగ్రత్త కావాలి. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి పోయండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ఉప్పదనం, గట్టిదనం ఎక్కువ ఉండొచ్చు. చేపలు ఆ నీటికి అలవాటు పడి ఉంటే ఉన్నట్టుండి ఆర్వో నీళ్లకు మార్చకండి. వేసవిలో ఇంకో చిక్కుంది. మధ్యాహ్నం మేడమీద ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత కాలుతుంటాయి. అవి నేరుగా పోస్తే చేపలు తట్టుకోలేవు. పొద్దున ఆరింటికి పట్టిన నీళ్లే పోయండి.

ఈ నీళ్ల పని ప్రతి ఆదివారం చేయాలి. ఒకసారి సగం మార్చి, నెల రోజులు వదిలేయడం కంటే ప్రతివారం మూడోవంతు మారిస్తే పాచి మీద తేడా బాగా కనిపిస్తుంది.

ఇక మందు

మందు అంటే దుకాణంలో అమ్మే రంగు సీసా కాదు. యాంటీ ఆల్గే పేరుతో అమ్మేవాటిలో కొన్నింట్లో రాగి ఉంటుంది. రాగి నత్తలను, రొయ్యలను చంపేస్తుంది. పైగా పాచి అంతా ఒక్కసారి చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. మనకు కావలసింది మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్.

సీసా మీద రాసింది చదవండి, ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. మన షాపుల్లో ఎక్కువగా దొరికేది 20 వాల్యూమ్స్ అని ఉంటుంది. అంటే సుమారు 6 శాతం. మనకు కావలసింది 3 శాతం. కాబట్టి ఎంత మందు తీసుకుంటే అంత మంచినీళ్లు కలపండి. సీసా మీద 10 వాల్యూమ్స్ అని ఉంటే అది 3 శాతమే, నీళ్లు కలపక్కర్లేదు.

రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి కొలత సుమారు 56 లీటర్లు. రాళ్లు, దుంగలు పోను నీళ్లు సుమారు 45 లీటర్లుంటాయి. అంత నీటికి 3 శాతం మందు ఒక విడతకి 15 మిల్లీలీటర్లు దాటకూడదు. అంటే మూడు లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు. మీ తొట్టి కొలతకి ఇలాగే లెక్క కట్టుకోండి. రొయ్యలుంటే అందులో సగమే.

చేసే విధానం ఇది. నీళ్లు మార్చిన రోజే పెట్టుకోండి. ఫిల్టరు, ఎయిర్ పంపు ఆపేసి నీళ్లు కదలకుండా నిలబడేదాకా ఆగండి. 5 మిల్లీలీటర్ల సిరంజి తీసుకుని సూది తీసేయండి. మందు ఎక్కించి, సిరంజి మూతిని నీళ్లలో పాచి కుచ్చుకి ఆనించి, కుచ్చుకి ఒక మిల్లీలీటరు చొప్పున మెల్లగా వదలండి. చిమ్మినట్టు వదిలితే మందు నీళ్లలో కలిసిపోయి పాచికి ఏమీ కాదు. రెండు క్షణాల్లో కుచ్చు నుంచి సోడా బుడగల్లాంటివి పైకి లేస్తాయి. ఎంత సేపు చూసినా బుడగలు రాకపోతే మీ సీసా పాతబడి పోయింది, కొత్తది తెచ్చుకోండి. ఎండ తగిలినా, మూత తీసి చాలాకాలం ఉంచినా ఈ మందు నీళ్లయిపోతుంది.

పది నిమిషాలు ఆగి ఫిల్టరు, ఎయిర్ పంపు వేసేయండి. ఆ రాత్రంతా ఎయిర్ పంపు నడవాలి. ఒక అరగంట చేపల్ని గమనించండి. నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తూ గుటకలు వేస్తుంటే వెంటనే మూడోవంతు నీళ్లు మార్చండి.

తొట్టి మొత్తం ఒక్కరోజులో కొట్టేయాలని చూడకండి. ఈరోజు ఎడమపక్క దుంగ, రెండు మూడు రోజులాగి ఫిల్టర్ మూతి, ఆ తర్వాత మొక్కలు. మందు తగిలిన పాచి రెండోరోజుకి గులాబీరంగుకి తిరుగుతుంది. అది చూస్తే మనసుకి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. తర్వాత బూడిద తెలుపవుతుంది, వారంలో రాలిపోతుంది. బతికున్న నల్లపాచిని ముట్టని చేపలు, రొయ్యలు కూడా ఈ చచ్చిన పాచిని కొరుక్కుతింటాయి.

ఆనుబియాస్, జావా ఫెర్న్ లాంటి గట్టి ఆకుల మొక్కలు దుంగకి కట్టి ఉంటే ఇంకా సులువు. బయటికి తీసి, పాచి ఉన్నచోట ఇదే 3 శాతం మందు బ్రష్‌తో రాసి, ఐదు నిమిషాలుంచి, బకెట్ నీళ్లలో బాగా జాడించి మళ్లీ పెట్టేయండి. జావా మాస్, వాలిస్నేరియా మాత్రం ఈ మందుకి తట్టుకోవు, వాటి జోలికి పోకండి.

లిక్విడ్ కార్బన్ అని ఇంకోటి అమ్ముతారు. అది కూడా నల్లపాచి మీద పనిచేస్తుంది. దానిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్ జాతి రసాయనం, ఆసుపత్రుల్లో పరికరాలు శుభ్రం చేసే బాపతు. వాడితే గ్లౌజులు వేసుకోండి, సీసా మీద రాసిన మోతాదు దాటకండి, పిల్లలకు అందకుండా పెట్టండి. రెండు మందులూ ఒకేరోజు వాడొద్దు.

పాచికి పోటీ పెట్టండి

పాచి తినే ఎరువును మొక్కలు ముందే తినేస్తే పాచి ఆకలితో చస్తుంది. దానికి నెమ్మదిగా పెరిగే ఖరీదైన మొక్కలు పనికిరావు. హార్న్‌వర్ట్ లాంటి చవక మొక్క గుప్పెడు తెచ్చి వేయండి, వారానికి జానెడు పెరుగుతుంది. నీటి మీద తేలే అంతరతామర నాలుగు మొక్కలు వేసినా మంచిదే. అవి నీడ కూడా ఇస్తాయి. పిల్లలు పెట్టి తొట్టి నిండిపోతే సగం తీసి పూలకుండీలో ఎరువుగా వేసేయండి. కాలవలో పారేయకండి.

ఇంట్లో మనీ ప్లాంట్ ఉంటే ఇంకేం కావాలి. రెండు కొమ్మలు కత్తిరించి, ఆకులు బయటా కణుపులు నీళ్లలో ఉండేలా తొట్టి అంచుకి తగిలించండి. నెలలో తెల్లటి వేళ్లు గుబురుగా దిగి చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే నైట్రేటును లాగేస్తాయి. ఆకులు నీళ్లలో మునగనివ్వకండి, కుళ్లుతాయి.

పాచి తినే చేప కొనేముందు

దుకాణంలో పాచి గురించి అడగ్గానే సక్కర్ చేప చేతిలో పెడతారు. కొనకండి. వేలెడంత ఉన్నది అడుగు దాటి పెరుగుతుంది, అది వేసే వ్యర్థమే పాచికి మేత. నల్లపాచిని అది ముట్టదు కూడా. పెద్దదయ్యాక ఇంట్లో ఉంచలేక జనం కాలవల్లో, చెరువుల్లో వదిలేస్తున్నారు. మన కృష్ణా ప్రాంతపు చేపల రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది ఈ జాతినే. ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంది, చెరువులో మిగతా చేపల తిండి తినేస్తుంది. ఇప్పటికే మీ దగ్గర ఉంటే దుకాణానికి తిరిగివ్వండి, కాలవలో మాత్రం వదలకండి.

నల్లపాచిని నిజంగా తినేది సయామీస్ ఆల్గే ఈటర్, అదీ చిన్నప్పుడే. మేతకి అలవాటుపడి పెద్దయ్యాక బద్ధకిస్తుంది. ఆరంగుళాల దాకా పెరుగుతుంది కాబట్టి రెండడుగుల తొట్టికి ఇరుకే, మూడడుగులదైతే ఆలోచించండి. దాని పేరుతో ఇంకో చేపను అంటగడతారు. అసలుదానికి ఒంటి మీది నల్లచార తోక చివరిదాకా సాగుతుంది. చార తోక దగ్గర ఆగిపోయి, నోరు గాజుకి జలగలా అతుక్కుంటే అది వేరేది, పెద్దయ్యాక మిగతా చేపల్ని తరుముతుంది. చిన్న తొట్టికి నెరైట్ నత్తలు నాలుగు చాలు. గాజు మీద పచ్చ పాచిని అద్దంలా శుభ్రం చేస్తాయి. దుంగల మీద నువ్వుగింజల్లాంటి తెల్ల గుడ్లు పెడతాయి, మంచినీళ్లలో అవి పిల్లలు కావు. ఆ తెల్లచుక్కలు మీకు చిరాకైతే మానేయండి.

ఎనిమిది వారాల దాకా ఏం చూడాలి

పాత ఆకుల మీద పాచి ఎంత ఉందని చూడకండి. కొత్తగా విచ్చుకున్న ఆకు చూడండి. నెల తర్వాత కూడా కొత్త ఆకు అంచు శుభ్రంగా ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. అప్పుడు లైటును వారానికి అరగంట చొప్పున ఏడు, ఎనిమిది గంటల దాకా పెంచుకోవచ్చు. మళ్లీ నల్లచుక్క కనిపిస్తే లైటు ఒక గంట తగ్గించి, ఆ వారం మేత ఎవరు వేశారో కనుక్కోండి.

కొత్త మొక్క కొన్నప్పుడు దుకాణంలోనే ఆకు తిప్పి అడుగుభాగం, అంచులు చూడండి. ఇంటికి తెచ్చాక నేరుగా తొట్టిలో వేయకుండా బకెట్ నీళ్లలో రెండు వారాలు బాల్కనీ నీడలో ఉంచండి. మా ఇంటికి నల్లపాచి వచ్చింది ఒక ఆనుబియాస్ ఆకు కింద అతుక్కుని. అప్పుడు తిప్పి చూసి ఉంటే కనిపించేది.